తగ్గించమన్నది దేన్ని

సోమవారం

నా హెడ్డు కోసేశారు.

నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. వాల్వు సీట్లు సరిచేయమని పంపిన హెడ్డుని మిషను మీద వెల్లకిలా పడేసి, కింది ముఖమంతా చెక్కేసి, తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి మరీ పంపారు. ఆ చుట్టిన తీరు చూస్తే ఎవరి పుట్టినరోజో అనుకుంటారు.

కాగితం విప్పగానే అద్దంలా మెరిసింది. ఇంజిన్ మీద మూతలా కూర్చునే హెడ్డులో నాలుగు గదులుంటాయి, పెట్రోలు మండేది వాటిలోనే. ఒక్కో గది మీద ప్లాస్టిక్ పలక పెట్టి, సిరంజితో కిరోసిన్ ఎక్కించి చూశాను. ఇదివరకు కొలిచినప్పుడు సిరంజి పూర్తిగా ఖాళీ అయ్యేది. ఇవాళ గది నిండి పొర్లింది, సిరంజిలో ఇంకా మిగిలింది. నాలుగు గదులూ అంతే. కోపంలో కొలిస్తే తప్పు వస్తుందేమోనని బయటికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కొలిచాను. అంతే.

కోసిన లోహం జుట్టు కాదు, మళ్ళీ పెరగడానికి.

లేత్ షాపు మా సందు చివర్లోనే. అక్కడ హెడ్లు కోసే మిషను నడిపేది మా బావ, అక్క మొగుడు. ఎవరు కోయమన్నారని అడిగాను. నవ్వు ముఖంతోనే ఇటు తిరిగాడు.

"నువ్వే కదా మరదలా, తగ్గించమన్నావు."

ఆ నవ్వు చూసి ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చిందల్లా అన్నాను. అన్నవన్నీ ఇక్కడ రాయను. నీకు హెడ్డుకీ వంకాయకీ తేడా తెలియదన్నాను. అది గుర్తుంది, ఎందుకంటే పక్క లేత్ మీదున్న ముసలాయన దానికి కిసుక్కుమన్నాడు. బావ నవ్వు ఆగిపోయింది. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. ఎదురు ఒక్క మాట అనలేదు. అనడానికి ఏముంది గనక.

నా తప్పేం లేదు.

మంగళవారం

పని చేయబుద్ధి కాలేదు. పార్టులు కడిగే తొట్టి పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ తొట్టి దగ్గర నుంచి లేవడానికే ఈ గొడవంతా.

మా గ్యారేజి ఓనరు ఏటా కొండ ఎక్కే కార్ల పోటీకి ఒక కారు పంపుతాడు. తనే నడుపుతాడు. ఈసారి ఇంజిన్ నన్ను కట్టమన్నాడు. కారు కొండ పైదాకా ఆగకుండా ఎక్కితే లోపలి బెంచి నీది, ఎక్కకపోతే తొట్టి దగ్గరికే, ఇక ఇంజిన్ల ఊసెత్తకు అన్నాడు. లోపలి బెంచి అంటే అద్దాల తలుపున్న గది. దుమ్ము ఉండదు. ఇంజిన్లు కట్టేవాళ్ళు తప్ప ఎవరూ పోరు. నేను ఇంతవరకు చీపురుతోనే వెళ్ళాను.

నాకెవరూ ఏమీ నేర్పలేదు. పారేసిన ఇంజిన్లు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాను.

పాత సామాన్ల యార్డులో రెండు ఇంజిన్లు చూపించారు. రెండూ నాలుగు సిలిండర్లవే. ఒకటి కొత్త తరహాది, తేలిక, నిండా వాల్వులు, చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. రెండోది రొట్టెల వ్యానులోంచి దించిన పాత ఇనుప బ్లాకు, మసి పట్టి, పక్కన కుక్క పడుకుని ఉంది. మా ఫోర్‌మన్ కొత్తదే తీసుకోమన్నాడు. ఆయన్ని అందరూ సైలెన్సర్ అంటారు. పగిలిన సైలెన్సర్ అని అర్థం. నోరు మూతపడదు.

నేను కుక్కని లేపి, పాతదాన్ని సుత్తితో మెల్లగా తట్టాను. గంటలా మోగింది. పగులుంటే అలా మోగదు. గోడలు మందం. క్రాంకు షాఫ్టుని ఐదు చోట్ల గట్టిగా పట్టుకుంది. కొత్తదానిలో సిలిండర్ గోడలు బిస్కెట్లు, పైన ఆధారం లేకుండా నిలబడి ఉంటాయి. మామూలుగా నడిపితే అది మేలు. కానీ మేం పెట్టేది టర్బో. పొగ గొట్టంలోంచి పోయే పొగతో తిరుగుతూ, ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కుతుంది. అంత కుక్కుడుకి ఆగాలంటే మొండిది కావాలి. ఇది మొండిది. నాకు చూడగానే నచ్చింది.

అలా కుక్కే గాలికి లోపల చోటుండాలి. లేకపోతే పెట్రోలు వేళకి ముందే పేలుతుంది, పిస్టన్లు పగులుతాయి. అందుకే లోపలి నొక్కుడు, అదే కంప్రెషన్, తగ్గించాలి, అంటే గదులు పెద్దవి చేయాలి. హెడ్డు కోస్తే గదులు చిన్నవవుతాయి, కంప్రెషన్ పెరుగుతుంది. తగ్గాల్సింది పెరిగింది, పెరగాల్సింది తగ్గింది.

ఇదంతా నేను టీ తాగేటప్పుడు పెయింటరుకి చెబుతుంటే సైలెన్సర్ విన్నాడు. "కంప్రెషన్ తగ్గిస్తే బండి దగ్గుద్ది," అన్నాడు. "తగ్గించు, దగ్గించు." ముసలాయనలా దగ్గి చూపించాడు కూడా. అందరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. దానికి ఇప్పటికీ మంటగా ఉంది.

బుధవారం

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. చేతులకి గ్రీజు.

బుధవారం, సాయంత్రం

మళ్ళీ చేసింది. చేతులు కడుక్కునే ఉన్నాను.

గురువారం

పిస్టన్ రింగుల పని చేశాను. టర్బో వేడికి రింగు సాగుతుంది. కొనల మధ్య సందు చాలకపోతే రెండు కొనలూ గుద్దుకుని పిస్టన్నే విరగ్గొడతాయి. ఆకురాయితో రాపాడిస్తూ, సిలిండర్లో పెట్టి చూస్తూ, మళ్ళీ రాపాడిస్తూ కూర్చున్నాను. కోపంగా ఉన్నప్పుడు చేయకూడని పని అది. అయినా చేశాను, బాగానే వచ్చింది.

తర్వాత హెడ్డుని పక్కకి తిప్పాను. నూనె కింద తెల్ల పెయింటు పెన్నుతో రాసిన మాట.

తగ్గించాలి.

నా రాతే. నేను ప్రతి దాని మీదా రాసుకుంటాను. బ్లాకు మీద "కడగాలి", క్రాంకు మీద "చూడాలి", హెడ్డు మీద "తగ్గించాలి". అది నా కోసం రాసుకున్న మాట. సీట్లు సరిచేసి వచ్చాక గ్రైండరుతో గదులు పెద్దవి చేసి, కంప్రెషన్ తగ్గించాలి అని. బుర్రున్న వాడెవడికైనా అర్థమవుతుంది.

లేత్ షాపులో తగ్గించడమంటే కోయడం. షాఫ్టు తగ్గించు, డ్రమ్ము తగ్గించు, హెడ్డు తగ్గించు. వాళ్ళ నోట్లో ఆ మాటకి వేరే అర్థం లేదు. నాకది తెలుసు. తెలిస్తే ఏంటి. నేను వాళ్ళ కోసం రాయలేదు.

నా తప్పేం లేదు.

శనివారం

అక్క నా గదికి వచ్చింది. తలుపు తీయగానే, ఎప్పుడూ నేను చెప్పే సాకే కాబట్టి, చేతుల గ్రీజు వదిలిందా అని అడిగింది. మంచం మీద బట్టలు పక్కకి నెట్టి కూర్చుంది. బావ నాలుగు రోజులుగా అన్నం ముందు కూర్చుని గోడ చూస్తున్నాడట. షాపంతా ఆయన్ని వంకాయ అని పిలుస్తున్నారట. చెప్పేటప్పుడు అక్క నవ్వాపుకోవడం నేను చూశాను. తర్వాత ఆగింది.

నీకు తెలియాలని వచ్చాను, ఆయన చెప్పొద్దన్నాడు, అయినా చెబుతున్నాను అంది. హెడ్డుని లేత్ షాపుకి మోసుకెళ్ళింది సైలెన్సర్. బావ దాని మీద ఇనుప స్కేలు పెట్టి చూస్తే చదునుగా ఉంది, ఎక్కడా వంగలేదు. వంగని హెడ్డుని ఎందుకు కోయాలని ఆయనకి అనుమానం వచ్చింది. నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. అప్పుడు సైలెన్సర్‌ని అడిగాడు, ఇది టర్బోకి కదా, నిజంగా కోయాలా అని.

సైలెన్సర్ అన్న మాట అక్క అచ్చం ఆయన గొంతుతోనే చెప్పింది. "రాసి ఉందిగా, తగ్గించాలి అని. బాగా తగ్గించు. లేకపోతే ఆ పిల్ల నీ మీదే పడుద్ది."

టీ దగ్గర దగ్గి చూపించింది ఆయనే. ఏది తగ్గాలో, ఎందుకు తగ్గాలో నా నోటి నుంచి విన్నది ఆయనే. తెలుసు. తెలిసే కోయించాడు. నా ఇంజిన్ కొండ మధ్యలో పగలాలి, నేను తొట్టి దగ్గరికి పోవాలి, కొత్త ఇంజిన్ తీసుకోమని ముందే చెప్పానని ఆయన జీవితాంతం చెప్పుకోవాలి.

అక్క వెళ్ళాక ఫోన్ తీసి చూశాను. హెడ్డు కోసిన రోజు మధ్యాహ్నం బావ కాల్ ఉంది. ఆ రోజే చూశాను దాన్ని. తర్వాత చేద్దామనుకున్నాను.

ఆదివారం

లేత్ షాపుకి సెలవు. బావ ఒక్కడే మిషను తుడుస్తున్నాడు. చెప్పాల్సింది దారి పొడవునా కూడబలుక్కున్నాను. అక్కడికి వెళ్ళాక మాత్రం పిస్టన్ల డబ్బా బెంచి మీద పెట్టాను, అంతే.

ఆయన డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కర్త లేదు, కర్మ లేదు, ఉత్త క్రియ రాసి పంపావు," అన్నాడు. "ఆ కర్మ వచ్చి నాకు చుట్టుకుంది."

సైలెన్సర్ పేరు ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే ఏం చేసేదానివి? స్పానర్ పట్టుకుని వాడి మీదికి పోయేదానివి. రేప్పొద్దున నువ్వు పని చేయాల్సింది వాడి కింద. నన్ను తిడితే ఏమైంది, ఇంటి మనిషిని."

చీపురు తీసుకుని మిషను కింద రజను ఊడ్చాను. ఆయన వద్దనలేదు.

తర్వాత పని మాటలు. హెడ్డు కింద వేసే గ్యాస్కెట్టు మందంది వేద్దామా అన్నాడు. అప్పుడు హెడ్డుకీ పిస్టన్‌కీ మధ్య ఎడం పెరిగి మంట సరిగా నడవదు, వద్దన్నాను. పోత పోసిన పిస్టన్లు కావివి, సుత్తి దెబ్బలతో గట్టిపడినవి, తల మందం. ఆ తలల మధ్య పళ్ళెంలా గుంట తీస్తే పోయిన చోటు తిరిగి వస్తుంది. మిగతాది నేను హెడ్డు గదుల్లో గ్రైండరుతో తీస్తాను. ఆయన పిస్టన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, పట్టుద్ది అన్నాడు.

పెయింటు పెన్ను తీసి డబ్బా మీద రాశాను: కంప్రెషన్ తగ్గడం కోసం, బావ ఈ నాలుగు పిస్టన్ల తలల మధ్యలో నేను గీసిన గీత లోతు వరకే గుంట తీయాలి. హెడ్డు ముట్టుకోకూడదు.

ఆయన దాన్ని బడిపిల్లాడు పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు. ఆ "ముట్టుకోకూడదు" దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నాకెవరూ ఏమీ నేర్పలేదని పైన రాశాను. మైక్రోమీటరు బిగించి పట్టకూడదు, వేలి కొనతో తిప్పాలని బావ చూపించాడు. అదొక్కటి. డయల్ గేజి కూడా.

సోమవారం

సైలెన్సర్‌ని అందరి ముందూ అడిగాను. ఆయన టైరు మీద కాలు పెట్టి, తీరిగ్గా, రాసింది నువ్వు, కోసింది మీ బావ, మధ్యలో నేనేం చేశాను, మోశాను అన్నాడు. కంప్రెషన్ గురించి తెలియకుండానే దగ్గావా అని అడిగితే, జోకులు కూడా దాచుకుంటావా అన్నాడు. నా గొంతు పెరిగింది. ఓనరు బయటికి వచ్చాడు. విన్నాడు. మొత్తం విన్నాడు.

"కొంచెం తగ్గమ్మా. ముందు బండి నడవనీ."

తగ్గమ్మా. అమ్మ అదే అనేది, అక్క అదే అంటుంది, ఇప్పుడు ఈయన. తగ్గడానికి నేనేం కంప్రెషన్నా.

బుధవారం

గదులు, గదులు, గదులు. గ్రైండరు, సిరంజి, కిరోసిన్. ఒక గదిలో కొంచెం ఎక్కువ పోయింది, మిగతా మూడింటినీ దాని దాకా తెచ్చాను. ముక్కులో లోహపు పొడి.

శుక్రవారం

బిగించాను. అన్నీ నా చేత్తోనే.

టర్బోకి ఆయిల్ పైనుంచి తోసుకుంటూ వస్తుంది, కిందికి మాత్రం తనంతట తానే జారాలి. దిగే పైపులో మెలిక ఉంటే ఆయిల్ నిలిచి, పొగ కక్కి, టర్బో చస్తుంది. సరిపోయే పైపు ఎక్కడా దొరకలేదు. అక్క వాళ్ళింట్లో విరిగిన కుర్చీ ఉంది. దాని కాలు కోసి, లోపల తళతళలాడేదాకా రుద్ది, ఏటవాలుగా వెల్డింగ్ చేశాను. కుదరలేదు. కోసి మళ్ళీ చేశాను. కుదిరింది. మిగతా మూడు కాళ్ళతో కుర్చీ ఏం చేయాలని అక్క అడిగింది.

సాయంత్రం స్టార్టయింది. దగ్గలేదు.

ఆదివారం

పోటీకి ఇంకో వారం ఉంది, కొండ మీద ఓనరు ఓసారి నడిపి చూశాడు, నేను పక్కన. పిస్టన్ దెబ్బతినే ముందు ఇంజిన్ డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు మోగుతుంది. ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. మొదటి మలుపు దాటి టర్బో అందుకున్నప్పుడు వీపు సీటుకి అతుక్కుపోయింది. గులకరాళ్ళు లేవు. ఈల ఒక్కటే. ఓనరు పిల్లాడిలా అరిచాడు. కొండ పైదాకా ఎక్కాం. ఎక్కడా ఆగలేదు. మొండిది, మొండిది, మొండిది.

పైన దిగి బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. "బాగా కట్టారు," అన్నాడు.

నాతో ఎప్పుడూ చేశావు, వెళ్ళావు అనే మనిషి. కట్టావు అనలేదు. కట్టారు అన్నాడు. ఎవరు?

గాలికి నాకే సరిగా వినిపించలేదేమో.

సోమవారం

సరిగానే వినిపించింది.

పెయింటరు కారు ముందు చక్రం పైనుండే రెక్క మీద పేర్లు రాస్తున్నాడు. డ్రైవరుగా ఓనరు పేరు. కింద, ఇంజిన్ కట్టినవారు అని, ఎవరిదో పేరు. ఇదెవరని అడిగాను. పెయింటరు తల ఎత్తకుండా, సైలెన్సర్‌దే అన్నాడు. ఇన్నేళ్ళకి ఆయన అసలు పేరు తెలిసింది నాకు.

ఓనరు దగ్గరికి వెళ్ళాను. పోటీలో అందరికీ తెలిసిన మనిషి పేరుంటే బాగుంటుంది, వచ్చేసారి నీది రాయిద్దాం అన్నాడు. మరి బెంచి అన్నాను. పోటీ కానీ, చూద్దాం అన్నాడు. కొండ పైదాకా ఎక్కితే అన్నారు, ఎక్కింది కదా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొంచెం తగ్గు."

మంగళవారం

అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు కారు కిందికి దూరాను. కుర్చీ కాలు విప్పాను. ఎవరూ తెలియక తిప్పి టర్బోని చంపకుండా బ్యాటరీ వైరు కూడా పీకాను. కోపం మనుషుల మీద, ఇంజిన్ మీద కాదు. పైపు ఇప్పుడు నా దిండు కింద ఉంది, గుడ్డలో చుట్టి.

మరో పైపు చేయించుకుంటారేమో. చేయించుకోనీ. ఆ ఏటవాలు ఎంతో నాకు, నా చేతులకి తప్ప ఎవరికీ తెలియదు.

స్పానర్ తీసుకుని ఎవరి మీదికీ పోలేదు. బావకి చెప్పాలి ఆ సంగతి.

బానెట్ లోపలి వైపు నిండా తెల్ల పెయింటు పెన్నుతో రాశాను. ఎత్తగానే ముఖం మీద పడేలా. అక్కడ రాసింది అక్షరం పొల్లుపోకుండా ఇక్కడా రాసి పెట్టుకుంటున్నాను.

ఓనరుగారికి. ఈ ఇంజిన్‌ని మీరు స్టార్ట్ చేయకూడదు. టర్బో నుంచి ఆయిల్ దిగే పైపుని నేను తీశాను. ఆ పైపుని నేను మా అక్క కుర్చీతో చేశాను. ఈ ఇంజిన్‌ని నేను ఎంచుకున్నాను, నేను కట్టాను. దీని పిస్టన్లకి గుంటలు మా బావ తీశాడు. రెక్క మీద పేరుని మీరు చెరిపించి, మా ఇద్దరి పేర్లు రాయించాలి. హెడ్డుని తెలిసే కోయించానని మీ ఫోర్‌మన్ లేత్ షాపుకి వెళ్ళి మా బావకి అందరి ముందూ చెప్పాలి. లోపలి బెంచిని మీరు నాకు ఇస్తానన్నారు, ఇవ్వాలి. పోటీ ఆదివారం. శుక్రవారం సాయంత్రం షట్టర్ దించేలోపు నాకు మీ జవాబు కావాలి. "చూద్దాం" జవాబు కాదు, "తగ్గు" జవాబు కాదు. ఎవరు, ఎవరికి, ఏం చేస్తారో కర్త, కర్మ, క్రియ మూడూ పెట్టి, దీని కిందే రాయండి. చోటు వదిలాను.